వినోదశాలలో పొదుపు పాఠము

నాయుడుపేటలో రైలెక్కి గూడూరుకో మద్రాసుకో పోయిన పిల్లలకు ఒకప్పుడు పెద్ద స్టేషనులలో కన్నులపండువుగా కనిపించిన వస్తువు బరువు చూచు యంత్రము. రంగుదీపములు వెలిగి ఆరుచుండగా పీటపై నిలిచి నాణెము వేసినచో, లోపల ఏదో చక్రము తిరిగిన చప్పుడై, చిన్న అట్టబిళ్ల యొకటి జారి చేతికి వచ్చెడిది. దానిపై ఒకవైపు బరువు, మరియొకవైపు జాతకము. బరువు సరియైనదో కాదో గాని జాతకము మాత్రము ఎన్నడును చెడ్డది కాదు. సొమ్ము చెల్లించినవానికి చేదుమాట చెప్పరాదనుట ఆ యంత్రము నేర్చిన వ్యాపారధర్మము.

ఈ చిన్న యంత్రమును ఇచట తలచుటకు కారణము కలదు. నాణెము పుచ్చుకొని వినోదమునిచ్చు ఇట్టి యంత్రముల ద్వారా, వాని యజమానుల ద్వారా, రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము ప్రజలకు పొదుపును బోధించినది. అదే కాలమున మన దేశములోను పొదుపు ప్రచారము సాగినది. ఈ రెంటిని పక్కపక్కన నిలిపి చూచినచో, ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన పాఠ మొకటి తేలుచున్నది. ప్రజల జేబులోని చిల్లరను అడుగువానికి గల మొదటి బాధ్యత పాట పాడుట కాదు, లెక్క చెప్పుట.

ఆనాటి అమెరికాలో హోటళ్లలోను, మద్యశాలలలోను, పానీయములమ్ము దుకాణములలోను జూక్‌బాక్సు అను పాటల పెట్టె సర్వసాధారణము. 5 సెంట్ల నాణెము వేసి కోరిన పాటకు మీట నొక్కినచో రికార్డు తనంత తానే పళ్లెరముపైకి వచ్చి తిరుగును. పెట్టె ఒకరిది, దుకాణము వేరొకరిది. వచ్చిన చిల్లరను ఇరువురు పంచుకొందురు. ఈ పెట్టెల సరసనే గోలీ దొర్లించు పిన్‌బాలు బల్లలు, గురిచూచి కొట్టు తుపాకి ఆటలు ఉండెడివి. బీదవాడు, ధనికుడు అను భేదము లేక అందరును అయిదు సెంట్లతో ఒక పాటకో ఒక ఆటకో యజమాని కాగలిగిన చోట్లవి. ప్రజలను వెదకుకొనుచు పోవు ప్రచారకునికి ఇంతకన్న మంచి సంత ఎక్కడ దొరకును?

1941 మే 1వ తేదీన అమెరికా ప్రభుత్వము రక్షణ పొదుపు బాండ్లను అమ్మకమునకు పెట్టినది. మొదటి బాండును అధ్యక్షుడు రూజ్‌వెల్టు స్వయముగా కొనెను. 18 డాలర్ల 75 సెంట్లు ఇచ్చి కొన్న బాండునకు పదియేండ్ల పిదప 25 డాలర్లు వచ్చును. అంత సొమ్ము ఒక్కసారి ఇచ్చుకొనలేనివారికి 10 సెంట్ల, 25 సెంట్ల స్టాంపులు ఉండెను. 25 సెంట్ల స్టాంపులు 75 అతికించిన పుస్తకమును ఇచ్చి ఒక బాండును పొందవచ్చును. లెక్కల మాష్టరు తన విద్యార్థులతో ఈ లెక్కను చేయించిన బాగుండును. ఒక బాండు వెల 375 పాటల వెలకు సమానము. రెండు పాటలు మానుకొన్నవాడు ఒక 10 సెంట్ల స్టాంపును కొనగలడు. పాటల పెట్టెకును పొదుపు పుస్తకమునకును పోటీ యెంత సూటిగా నుండెనో దీనివలన తెలియును.

పోటీదారునే ప్రచారకునిగా చేసుకొనుటలో ఖజానా శాఖవారి నేర్పు కనిపించుచున్నది. ప్రసిద్ధ గేయకర్త ఇర్వింగ్ బెర్లిన్ 1941లో బాండ్ల కొరకే ఒక పాట వ్రాసి, దాని హక్కులను ఖజానామంత్రి హెన్రీ మోర్గెంథౌ పేరిట ఇచ్చివేసెను. 'ఎనీ బాండ్స్ టుడే' అను ఆ పాటను బారీ వుడ్ అను గాయకుడు పాడెను. పాటల పెట్టెల యజమానులు చాలమంది ఈ రికార్డును తమ పెట్టెలలో మొదటి స్థానమున నుంచిరి. వినోదమునకై వచ్చినవాని కంటికి మొట్టమొదట కనిపించునది బాండ్ల పాటయే. ఆ పాటను వినుటకు కూడ అయిదు సెంట్లు వేయవలసియుండెననుట ఇందలి చమత్కారము.

అయినచో ఆ యజమానులందరును త్యాగమూర్తులా? కొందరు అట్టివారు కావచ్చును. కాని ఒక వృత్తి యావత్తు దేశభక్తి పతాకము నెత్తినప్పుడు, ఆ వృత్తికి అదే సమయమున కలిగిన కష్టములేవో కూడ చూడవలెను. నాణెపు యంత్రముల వ్యాపారమునకు మంచి పేరు లేదు. పిన్‌బాలు జూదమనియు, బడిపిల్లల చిల్లరను కాజేయుచున్నదనియు నగర పాలకులు తలచిరి. 1942 జనవరిలో న్యూయార్కు నగరమున పిన్‌బాలును నిషేధించిరి. మేయరు లాగార్డియా సుత్తి పట్టుకొని స్వయముగా యంత్రములను పగులగొట్టుచు పత్రికల ఛాయాచిత్రములకు నిలిచెను. ఆ నిషేధము 1976 వరకు తొలగలేదు. అదే 1942లో కొత్త యంత్రముల తయారీ ఆగినది, కర్మాగారములు యుద్ధసామగ్రికి మళ్లినవి. పాత బల్లలకే రంగులు మార్చి, శత్రునాయకుల బొమ్మలను గురిగా పెట్టి కొత్త ఆటలుగా నడిపిరి. అనగా పొదుపు నేర్పిన చోటనే ద్వేషమును కూడ చిల్లరకు అమ్మిరి.

రికార్డులకు వచ్చిన కష్టము మన దేశముతో ముడిపడినది. నాటి గ్రామఫోను రికార్డులకు ముఖ్యమైన ముడిపదార్థము లక్క. అది ప్రధానముగా మన ఛోటానాగపూరు వంటి అటవీ ప్రాంతములలో చెట్టుకొమ్మలపై పురుగులు పెట్టిన సంపద. నౌకామార్గములు ప్రమాదభరితములు కాగా, లక్క యుద్ధావసరములకే చాలనందున, 1942లో రికార్డులకు వాడు లక్కను అమెరికా ప్రభుత్వము మిక్కిలిగా తగ్గించినది. ఆ యేడు ఆగస్టునుండి వాద్యకారుల సంఘము సమ్మె చేసి కొత్త రికార్డులలో వాయించుట మానినది. కొత్త యంత్రము లేదు, కొత్త రికార్డు లేదు, నగరపాలకుల ఆగ్రహము తప్పలేదు. ఇట్టి వేళ 'మేము కేవలము వినోదము అమ్మువారము కాము, దేశసేవకులము' అని చాటుకొనుట ఆ వ్యాపారమునకు కవచము వంటిది. స్వార్థము కలిసినంత మాత్రమున మంచిపని చెడ్డది కాదు. కాని కలిసిన సంగతి విద్యార్థికి తెలియవలెను. పాలలో నీరు కలిసినదని తెలిసియు పాలు కొనవచ్చును, తెలియక కొనుట వేరు.

ప్రభుత్వమునకు మాత్రము ఈ చిల్లర యెందుకు కావలసివచ్చినది? ఫిరంగులు కొనుటకే అనుకొందురు. అది సగము నిజము. యుద్ధకాలమున కర్మాగారములు రాత్రింబవళ్లు పనిచేయును, కూలి పెరుగును, చేతిలో డబ్బు నిండును. కాని అంగటిలో సరుకు తగ్గును. ఎక్కువ డబ్బు తక్కువ సరుకును తరుమునప్పుడు ధరలు మండును. ఆ డబ్బును కొంతకాలము అంగటికి దూరముగా నుంచుట పొదుపు ప్రచారము యొక్క రెండవ ప్రయోజనము. ఈ పనికి నిర్బంధ పొదుపే మేలని ఆర్థికవేత్త కీన్సు 1940లో బ్రిటనుకు సలహా చెప్పెను. మోర్గెంథౌ మాత్రము స్వచ్ఛంద మార్గమునే పట్టెను. యుద్ధము ముగియునప్పటికి 8 కోట్ల 50 లక్షలమందికి పైగా అమెరికను పౌరులు బాండ్లు కొనియుండిరి.

వారిని కొనిపించిన దేమి? 1943 సెప్టెంబరు 21న కేట్ స్మిత్ అను గాయని రేడియోలో ఉదయము మొదలుకొని అర్ధరాత్రి దాటువరకు మాటిమాటికి మాటలాడి, సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్ల బాండ్లకు వాగ్దానములు సంపాదించెను. సమాజశాస్త్రజ్ఞుడు రాబర్టు మెర్టను ఆ దినపు శ్రోతలను ప్రశ్నించి 1946లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె వాదనకన్న ఆమె నిజాయితీపై తమకు కలిగిన నమ్మకమే తమ్ము కదిలించినదని శ్రోతలు చెప్పిరి. గొంతు నిలుపుకొనలేని అలసటతో మాటలాడుచున్న ఆమె తమవలెనే కష్టపడుచున్నదని వారు తలచిరి. నమ్మకము ఇంత బలమైనది గనుకనే దానిని వాడుకొనువారు మిక్కిలి జాగరూకులై యుండవలెనని మెర్టను గ్రంథము మనకు నేర్పుచున్నది.

ఇక మన దేశమునకు వత్తము. ఇచట జూక్‌బాక్సులు లేవు. ఉన్నవి డేరా సినిమాలు, నాటకపు పందిళ్లు, తిరునాళ్లలో కంటికి అద్దము పెట్టి చూపించు బొమ్మల పెట్టెలు. చిల్లరే వీని జీవము. కాని యుద్ధము వచ్చుటతోనే ఆ చిల్లర మాయమగుట మొదలిడినది. 1940 మే, జూను నెలలలో ఫ్రాన్సు పడిపోయిన వార్త వచ్చినంతనే ప్రజలు తపాలా పొదుపు ఖాతాలనుండి డబ్బు తీసికొనిరి, నోట్లు ఇచ్చి వెండి రూపాయలు పుచ్చుకొని దాచిరి. అవసరమునకు మించి నాణెములు కూడబెట్టుట నేరమని జూను 25న ప్రభుత్వము ఉత్తరువు చేయవలసివచ్చినది. పిదప రూపాయి నోటు వచ్చినది, రూపాయి నాణెములో వెండి తగ్గినది. 1943 నాటికి లోహమును ఆదా చేయుటకై నడుమ గుండ్రని రంధ్రముతో కాణీని ముద్రించిరి. ప్రభుత్వముపై ప్రజలకు గల విశ్వాసమునకు ఆ కాణీ నడిమి రంధ్రమే చిహ్నమని పెద్దలు నవ్వుకొనియున్నచో తప్పు పట్టలేము.

ఇట్టి వాతావరణమున రక్షణ పొదుపు పత్రములు వెలువడినవి. 10 రూపాయల పత్రమునకు పదియేండ్ల పిదప 13 రూపాయల 9 అణాలు వచ్చును. చిన్నవారికి నాలుగణాల స్టాంపులుండెను. పైకి చూచినచో అమెరికా పథకమునకును దీనికిని భేదము లేదు. భేదమంతయు అడిగినవాని యందున్నది. ఈ యుద్ధములో మన దేశమును చేర్చునప్పుడు మన ప్రజాప్రతినిధులను సంప్రదించినవారు లేరు. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గము రాజీనామా ఇచ్చిన పిదప మద్రాసు రాష్ట్రమున గవర్నరు పాలన నడిచినది. యుద్ధనిధి చందాలు బలవంతముగా వసూలగుచున్నవని ఫిర్యాదులు రాగా గాంధీజీ వానిని ప్రస్తావించెను. 1940 అక్టోబరు 17న వినోబాతో ఆరంభమైన వ్యక్తి సత్యాగ్రహములో ప్రజలకు అందించిన సందేశము కూడ ఇదియే. జనమునిచ్చి గాని ధనమునిచ్చి గాని ఈ యుద్ధమునకు తోడ్పడుట తగదని చెప్పి ఎందరో సామాన్యులు జైలుకేగిరి. గ్రామాధికారి గుమ్మములో నిలిచి అడిగినప్పుడు అది చందాయో, అప్పో, పన్నో రైతునకు ఎట్లు తెలియును?

వినోదశాలలను కూడ ప్రభుత్వము విడువలేదు. 1943లో భారత రక్షణ నిబంధనలలో 44ఎ అను నిబంధనను చేర్చి, ప్రతి సినిమా ప్రదర్శనములోను ప్రభుత్వ సమ్మతి పొందిన చిత్రములను చూపవలెనని శాసించిరి. ఆ చిత్రములకు అద్దె కూడ ప్రదర్శకులే చెల్లించుకొనవలెను. అమెరికాలో పాట వినవలెనో మానవలెనో నాణెము వేయువాడే నిర్ణయించుకొనెను. ఇచట టిక్కెట్టు కొన్నవాడు ఇష్టమున్నను లేకున్నను యుద్ధచిత్రమును చూచి తీరవలెను. ఒకచోట ప్రచారము అతిథివలె వచ్చినది, మరియొకచోట జప్తు బంట్రోతువలె వచ్చినది.

కాని మనవారు నిజముగా చెల్లించిన మూల్యము ఈ పత్రములలో లేదు. బ్రిటను మన దేశమున కొన్న సామగ్రికి వెల లండనులో పౌన్ల రూపమున జమయైనది. ఆ జమను ఆధారము చేసికొని ఇచట నోట్లు అచ్చువేసిరి. యుద్ధారంభమున చెలామణిలోనున్న నోట్లు యుద్ధాంతమునకు ఆరు రెట్లు దాటినవి. ధరలు రెట్టింపును మించినవి. 1943లో వంగదేశమున లక్షలాది ప్రజలు ఆకలితో చనిపోయిరి. యుద్ధానంతరము లండనులో మన పేరిట నున్న నిల్వ సుమారు 130 కోట్ల పౌన్లు. ఇది మన దేశపు పొదుపే. కాని దీనిని పొదుపు చేసినవారికి తాము పొదుపు చేయుచున్నామని తెలియదు, వారి చేతికి పత్రము లేదు, ఏ మీటను వారు నొక్కలేదు. కొనలేకపోయిన బియ్యమే, నేయలేకపోయిన గుడ్డయే ఆ పొదుపు.

ఇచట ఒక నిజమును దాచరాదు. పత్రములు కొన్నవారికైనను పూర్తి న్యాయము జరుగలేదు. 1940లో 10 రూపాయలకు వచ్చిన సరుకులో సగమైనను 1950లో 13 రూపాయల 9 అణాలకు రాలేదు. అమెరికాలో కూడ 1941లో 18 డాలర్ల 75 సెంట్లకు వచ్చిన వస్తువులను 1951లో 25 డాలర్లు తేలేకపోయినవి. రెండు ప్రభుత్వములును అంకెలో మాట నిలుపుకొన్నవి, సరుకులో నిలుపుకొనలేదు. పాటలోగాని గోడపత్రికలోగాని ఈ సంగతి ఎవరు చెప్పెదరు? జాతకపు అట్టబిళ్ల ఎన్నడును చెడు చెప్పదు కదా! యుద్ధకాలపు పొదుపులో కొంత లాభము, కొంత త్యాగము కలిసియుండును. త్యాగమును లాభమని పేరుపెట్టి అమ్ముటయే తప్పు. త్యాగమని చెప్పియే అడిగినచో, తన దేశమని నమ్మిన ప్రజ ఇచ్చుటకు వెనుదీయదు.

దీనికి నిదర్శనము కొరకు దూరము పోనక్కరలేదు. 1962లో చైనా దాడి జరిగినప్పుడు జాతీయ రక్షణనిధికి మన ఊళ్లలో స్త్రీలు మెడలోని బంగారమును తీసి ఇచ్చిరి. ఆ సంవత్సరమే రక్షణ పత్రములు, బంగారు బాండ్లు వెలువడినవి. ఇరువదియేండ్ల క్రిందట యుద్ధనిధి అనగానే ముఖము తిప్పుకొన్న ప్రజయే ఇచ్చినది. అడిగినవారు తమవారు కావుటయే భేదము. కాని 1963లో అదే ప్రభుత్వము నిర్బంధ డిపాజిట్ పథకమును తెచ్చినప్పుడు అసంతృప్తి పెల్లుబికినది, ఆ యేడే దానిని చాలవరకు సడలింపవలసివచ్చినది. ఇష్టముతో బంగారమిచ్చిన చేయి నిర్బంధముతో వెండిని కూడ ఇచ్చుటకు జంకినది. స్వతంత్రదేశమున కూడ పొదుపునకు ప్రాణము స్వేచ్ఛయే అనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు.

ఇదంతయు గడచిన కథ యని కొందరు తలపవచ్చును. నాణెపు యంత్రములు దాదాపు కనుమరుగైనవి. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరిన నాయుడుపేటలో నేడు బడిపిల్లవాడు నాణెము వేయుటకు యంత్రమును వెదకడు. వినోదపు యంత్రము వాని తల్లిదండ్రుల చేతి ఫోనులోనే యున్నది. అందులో ఆట కలదు, పాట కలదు, అప్పు ఇచ్చువాడు కలడు, పొదుపు చేయుమనువాడును కలడు. నాణెము చేతిలోనుండి జారునప్పుడు కలుగు చిన్న బాధ వ్రేలితో తాకునప్పుడు కలుగదు. డబ్బు పందెముగా నాడు ఫోను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు శాసనము చేయవలసివచ్చినది. పిన్‌బాలు బల్లను సుత్తితో పగులగొట్టవచ్చును. ఫోనులోని ఆటకు సుత్తి పనికిరాదు. దానికి పిల్లవాని బుద్ధిలో ఏర్పడిన వివేకమే తగిన ఆయుధము.

ఒకప్పుడు మన పాఠశాలలలో సంచయిక అను విద్యార్థుల పొదుపు పథకము నడిచెడిది. పిల్లలే ఖాతాలు వ్రాసికొని, పిల్లలే లెక్కలు చూచుకొనెడివారు. కూడిన మొత్తము చిన్నదే. కాని తన పైసా ఎక్కడ నున్నదో పిల్లవానికి తెలిసెడిది. అదియే దాని గొప్ప. అట్టి అభ్యాసమును ఏదో రూపమున తిరిగి తరగతిలోనికి తెచ్చుట ఉపాధ్యాయులకు అసాధ్యము కాదు. పెద్ద పథకము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక పెట్టె, వారమునకొకసారి అందరి యెదుట చదివి వినిపించు లెక్క చాలును.

పొదుపు చేయుమను ప్రకటన ఏది కనిపించినను విద్యార్థి మూడు ప్రశ్నలు అడుగుటకు అలవడవలెను. ఇది దానమా, పన్నా, అప్పా? నేను వలదన్నచో నాకు కీడేమైన కలుగునా? తిరిగి వచ్చు సొమ్ము ఆనాటికి ఎంత సరుకు తేగలదు? మొదటి ప్రశ్నకు సూటి జవాబు లేనిచో అడుగువాడు ఏదో దాచుచున్నాడు. రెండవదానికి అవునను జవాబు వచ్చినచో అది పొదుపు కాదు. మూడవదానికి జవాబు ఎవరును ముందుగా చెప్పలేరు. కాని చెప్పలేమని ఒప్పుకొనువాడు మిగిలినవారికన్న నమ్మదగినవాడు.

ప్రజలు నవ్వుచు, పాడుచు, అలసట తీర్చుకొనుచున్న చోట వారి మనస్సునకు కాపలా తక్కువ. అచట అడిగినది సులభముగా లభించును. కనుకనే అచట అడుగువాని ధర్మము రెండింతలు. ప్రభుత్వమైనను, వ్యాపారియైనను, రేపు మరియొక ఆపద వచ్చి దేశము తన బిడ్డల చిల్లరను కోరినను, ఈ ధర్మమునకు మినహాయింపు లేదు. ఆ రోజు మన విద్యార్థులు ఇవ్వవలసినది ఇత్తురు గాక! ఇచ్చుటకు ముందు అట్టబిళ్లను త్రిప్పి, జాతకపు వైపు కాక బరువు వైపు చదువుట మాత్రము వారికి మనము నేటినుండియే నేర్పవలసియున్నది.